తమ్ముడు నాన్నవుతుంటే పక్కనే ఉన్నాను

మేనత్త కావడానికి మనం చేయాల్సింది ఏమీ ఉండదు. మోసేదీ కనేదీ వేరేవాళ్ళు, రాత్రిళ్ళు మేలుకునేదీ వేరేవాళ్ళు, మనకి మాత్రం ఒక ఫోన్ వస్తుంది, అంతే, ఆ నిమిషం నుంచి మేనత్త. నా విషయంలో ఇంకొంచెం ఎక్కువే జరిగింది. మా అమ్మ ఎప్పుడో పోయింది, మరదలి వాళ్ళమ్మగారికి సరిగ్గా ఆ సమయానికే మోకాలి ఆపరేషన్ పడింది, దాంతో ఆఫీసుకి సెలవు పెట్టి తమ్ముడి ఇంట్లో పెద్దదిక్కుగా ఉండాల్సిన పని నా మీద పడింది. నాకు పిల్లలు లేరు. వద్దనుకున్నాను, బాధ కూడా లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే చదివేవాళ్ళు ప్రతి వాక్యంలోనూ ఏదో వెలితి కోసం వెతుకుతారు.

నేను చెప్పాలనుకుంటున్నది పాప గురించి తక్కువ, మా తమ్ముడి గురించి ఎక్కువ. వాడికీ నాకూ ఆరేళ్ళు తేడా. సైకిల్ తొక్కడం దగ్గర్నుంచి బ్యాంకు ఫారం నింపడం దాకా, మొదటి ఇంటర్వ్యూకి ఏ చొక్కా వేసుకోవాలన్నదాకా అన్నీ నేను ముందు వెళ్ళి చూసొచ్చి చెప్పేదాన్ని, వాడు వినేవాడు. వినకపోయినా అడిగేవాడు. "అక్కా, ఇదేం చేయాలి?" అన్నది మా ఇద్దరి మధ్య దాదాపు పలకరింపు అయిపోయింది. అలాంటివాడు మొదటిసారి నేను చూడని చోటికి నాకంటే ముందు వెళ్తున్నాడు.

కబురు చెప్పినప్పుడు వాడు అన్నది ఇదే: "అక్కా, రెండు గీతలు వచ్చాయి." నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. వెంటనే "ఎవరికీ చెప్పకు" అన్నాడు. గర్భం నిలబడకపోయే అవకాశం మొదటి పన్నెండు వారాల్లోనే ఎక్కువ కాబట్టి అప్పటిదాకా బయటికి చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. ఆ వారాలన్నీ బంధువులు ఫోన్ చేసి "తమ్ముడు వాళ్ళు ఏమైనా విశేషమా?" అని అడిగినప్పుడల్లా నేను వాతావరణం గురించి మాట్లాడాను.

డెలివరీ తేదీ గురించి వాడికి మొదట ఏమీ అర్థం కాలేదు. టెస్ట్ చేసిన వారంలోనే డాక్టర్ "ఐదో వారం" అనేసరికి, "మాకు తెలిసిందే మొన్న కదా" అని వీడి అనుమానం. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క మొదలుపెడతారు, అక్కడి నుంచి 280 రోజులు, అంటే నలభై వారాలు. కాబట్టి కడుపులో ఏమీ లేని మొదటి రెండు వారాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. ఇంత కచ్చితంగా లెక్కగట్టిన ఆ తేదీకి పుట్టేది నూటికి నలుగురైదుగురు పిల్లలే. ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట చెప్పేది ఇదే, బంధువులకి తేదీ చెప్పకండి, "నెలాఖరుకి" అని ఊరుకోండి. మావాళ్ళు తేదీ చెప్పారు. ఆ రోజు తెల్లారకముందే ఫోన్లు మొదలు, సాయంత్రానికి మరదలు ఫోన్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది.

మేనత్తగా నేను చేసిన మొదటి పని ఇంజెక్షన్ వేయించుకోవడం. కోరింత దగ్గు పెద్దవాళ్ళకి వస్తే కొన్ని వారాలు దగ్గి ఊరుకుంటారు, టీకాలు ఇంకా మొదలవని చంటిపిల్లలకి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని గర్భిణికి ఏడో నెల దాటాక ఆ టీకా ఇస్తారు, పుట్టబోయే బిడ్డకి తల్లి నుంచి కొంత రక్షణ వెళ్తుంది. పాపని ఎత్తుకోబోయేవాళ్ళు కూడా దానితోపాటు ఫ్లూ టీకా వేయించుకుని రావాలని, కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలని డాక్టర్ చెప్పింది. నేను వేయించుకుని భుజం నొప్పితో రెండు రోజులు తిరిగాను. అందరూ బొమ్మలు, గౌన్లు కొంటున్నారు, నేను ఈ పని చేశాను. కాస్త గర్వంగానే ఉంది ఇప్పటికీ.

డెలివరీ సాఫీగా జరగలేదు. నొప్పులు రావడానికి మందు పెట్టారు, ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి, చివరికి బిడ్డ గుండె వేగం తగ్గుతోందని సిజేరియన్ చేశారు. ఆ పగలూ రాత్రీ గురించి ఎక్కువ రాయను, అది మరదలి కథ, తను చెప్పుకోవాల్సింది. నాకు కనబడింది వరండాలో ఉన్న తమ్ముడు. ఆపరేషన్ అనగానే వాడు సంతకం పెట్టాల్సిన కాగితం చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు, అలవాటు ప్రకారం. నేను నోరు తెరిచేలోపే తల తిప్పుకుని, నర్సుని రెండు ప్రశ్నలు అడిగి, చదివి, సంతకం పెట్టాడు. ఏమడిగాడో నాకు వినపడలేదు. మా ఇద్దరి మధ్య ఏదో మారిందని నాకు మొదట తెలిసింది అక్కడే, పాప ఇంకా పుట్టనే లేదు.

పుట్టాక బయటికొచ్చి "అప్గార్ ఎనిమిది, తొమ్మిది అన్నారక్కా, బాగానే ఉన్నట్టేనా?" అన్నాడు. పుట్టిన నిమిషానికే మార్కులేంట్రా అని నవ్వొచ్చింది, కానీ అది నిజంగానే మార్కుల పద్ధతి. 1952లో వర్జీనియా అప్గార్ అనే మత్తు డాక్టర్ మొదలుపెట్టింది. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు, పుట్టిన నిమిషానికి ఒకసారి, ఐదు నిమిషాలకి ఒకసారి వేస్తారు. అప్పటిదాకా పుట్టగానే అందరి కళ్ళూ తల్లి మీదే ఉండేవి, బిడ్డని ఒక పద్ధతి ప్రకారం చూడటం దీనితోనే గట్టిపడింది. మొదటి నిమిషానికి పదికి పది దాదాపు ఎవరికీ రావు, ఎందుకంటే అరిచేతులూ అరికాళ్ళూ ఇంకా నీలంగానే ఉంటాయి. ఎనిమిది మంచి మార్కులే.

పాపని చూపించారు. ముద్దుగా ఉందని చెప్పాలి కాబట్టి చెప్పాను. నిజంగా అయితే తల వెనక్కి సాగి ఉంది, అంతసేపు నొప్పులు పడ్డాక అలాగే ఉంటుందిట, కొన్ని రోజుల్లో సర్దుకుంది. చెవుల మీద, భుజాల మీద సన్నటి నూగు. మెడ మడతల్లో తెల్లటి జిడ్డు. ముఖం మా అందరి మీదా విసుగ్గా పెట్టింది. చెప్పుకోదగ్గ ప్రేమేమీ నాకు ఆ క్షణంలో పొంగిపోలేదు. మరదలు ఎలా ఉందో అన్న ఆరాటమే ఎక్కువగా ఉండింది. తను బయటికి వచ్చి "వదినా, అన్ని వేళ్ళూ ఉన్నాయా? లెక్కపెట్టారా?" అని మత్తులోనే అడిగాక కానీ నేను కుదుటపడలేదు.

మూడో రోజుకి పాప పచ్చబడింది. నెలలు నిండి పుట్టినవాళ్ళలో కూడా సగానికి పైగా పిల్లలకి ఎంతో కొంత పసిరికలు వస్తాయి, పాత ఎర్ర రక్తకణాలు విరిగి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది, దాన్ని బయటికి పంపడానికి కాలేయం ఇంకా సిద్ధంగా ఉండదు. చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. మా పాపకి అంకె గీత దాటింది, లైట్ల కింద పెట్టాలన్నారు. ఫోన్లో సలహా చెప్పేవాళ్ళందరూ "పొద్దుటి ఎండలో పడుకోబెట్టండి చాలు" అనడం మొదలెట్టారు, డాక్టర్ ఒప్పుకోలేదు, ఎండలో ఎంత వెలుగు తగులుతోందో కొలవలేం, చంటిదాని చర్మం కాలుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది అంది. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఎండ మాట పూర్తిగా గాలి కబురు కాదు. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు, సిస్టర్ వార్డ్, పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్ళేదట. ఒక బిడ్డకి దుప్పటి కప్పిన మేర పచ్చగా ఉండిపోయి, ఎండ తగిలిన మేర రంగు తగ్గడం డాక్టర్లకి చూపించింది. అక్కడి నుంచే పరిశోధన చేసి 1958లో దీపాలతో వైద్యం గురించి ప్రచురించారు. నీలి వెలుగు బిలిరుబిన్‌ని ఒంట్లోంచి సులువుగా బయటికి పోయే రూపంలోకి మారుస్తుంది. అంటే ఎండలోంచి పనికొచ్చే రంగుని విడదీసి, కొలత పెట్టి ఇస్తున్నారు. ఇది చెబితే ఫోన్లో ఒక పెద్దాయన "చూశావా, నేను చెప్పింది అదే" అన్నాడు. వదిలేశాను.

కళ్ళకి గంతలు కట్టి, ఒక్క డైపర్‌తో ఆ నీలి వెలుగు కింద పడుకోబెట్టారు. పాలకి తప్ప బయటికి తీయకూడదు. తమ్ముడు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వాడి వేలు పాప గుప్పిట్లో ఉంది. "చూడక్కా, వదలట్లేదు" అన్నాడు. అరచేతికి ఏది తగిలినా పుట్టిన పిల్లలు అలా బిగించి పట్టుకుంటారని, అందులో మనిషిని గుర్తుపట్టడం ఏమీ లేదని నాకు తెలుసు. చెప్పలేదు. వాడికీ తెలుసేమో.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు సంగతి. పాప రోజుకి పద్నాలుగు నుంచి పదిహేడు గంటలు నిద్రపోతుందని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది, వినడానికి ఎంత హాయిగా ఉంటుంది, కానీ ఆ గంటలు ఎంతెంత ముక్కలుగా వస్తాయో చదివినప్పుడు తట్టదు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు. ఒక్కోసారి పట్టడానికే అరగంట పైన. తర్వాత త్రేన్పు, తర్వాత డైపర్, తర్వాత నిద్రపుచ్చడం, అంతా అయ్యేసరికి మళ్ళీ పాలవేళ దగ్గరకొచ్చేస్తుంది. పుట్టిన మొదటి రోజుల్లో పిల్లలు బరువు తగ్గుతారు, నూటికి ఏడు నుంచి పది వంతుల దాకా తగ్గడం మామూలే, రెండు వారాల్లో తిరిగి పుంజుకోవాలి. ఈ సంగతి విన్న దగ్గర్నుంచి తమ్ముడు ఫోన్లో ఒక పట్టిక పెట్టాడు, ఎప్పుడు తాగింది, ఎంతసేపు, ఎన్ని డైపర్లు తడిసాయి, ఎన్ని సార్లు దొడ్డికెళ్ళింది, ఏ రంగు. కాలేజీలో హాజరు వేయించుకోవడానికే బద్ధకించినవాడు. నల్లగా తారులా మొదలై, ఆకుపచ్చ మీదుగా ఆవపిండి రంగుకి వచ్చిన రోజు నాకు ఆఫీసు కాల్‌లో ఉండగా మెసేజ్ పెట్టాడు, "అక్కా, పసుపు!!!" అని, మూడు ఆశ్చర్యార్థకాలతో.

సాయం చేయడం గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది ఆ రోజుల్లో. చంటిపిల్ల ఉన్న ఇంటికి వచ్చే చుట్టాల్లో ఎక్కువమంది "పాపని నాకివ్వు, నువ్వెళ్ళి పని చూసుకో" అంటారు. అంటే ముద్దు చేసే పని వాళ్ళది, కోత కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న బాలింతది గిన్నెల పని. నేను తిరగేశాను. పాప వాళ్ళిద్దరిదీ, ఇల్లు నాది. బట్టలు, వంట, తలుపు, ఫోన్లు, బిల్లులు, చెత్త. పాపని వాళ్ళు అడిగినప్పుడు ఎత్తుకునేదాన్ని, స్నానానికి వెళ్ళాలి అన్నప్పుడు, కాసేపు కళ్ళు మూసుకుంటాం అన్నప్పుడు.

తలుపు దగ్గర కాపలా మాత్రం కష్టమైన ఉద్యోగం. చేతులు కడుక్కుని రండి, జలుబు ఉంటే వచ్చేవారం రండి, ముఖం మీద ముద్దు పెట్టకండి. ఒకాయన పెదవి మీద పొక్కుతో వచ్చి పాప బుగ్గ మీదికి వంగబోతే నేను మధ్యలో దూరాను, పెద్దవాళ్ళకి నాలుగు రోజులు మంటతో పోయే ఆ పొక్కు వైరస్ పుట్టిన పిల్లలకి ఎక్కితే మెదడు దాకా పోగలదు. ఆయన మొహం మాడ్చుకున్నాడు, వాళ్ళావిడ ఇంకెవరికో ఫోన్ చేసి తమ్ముడి అక్క గయ్యాళి అని చెప్పిందిట. చెప్పనీ. ఆ మాట బిడ్డ తల్లి పడకూడదు, ఇంకోరోజు ఆ చుట్టాలతో బతకాల్సింది తను. మేనత్త పడొచ్చు. మేనత్త ఉండేది అందుకే అని కూడా అనిపించింది.

ఇంత చేస్తున్నా ఒకరోజు నాకు చురుక్కుమంది. పాపని ఊయల్లోంచి తీస్తున్నాను, తమ్ముడు వెనకనుంచి వచ్చి "అలా కాదక్కా, మెడ కింద చెయ్యి పెట్టు. ఇటివ్వు" అని తీసేసుకున్నాడు. మెడ కింద చెయ్యి ఉంది, కాకపోతే వాడు పెట్టే చోట లేదు. వీడిని చంకనేసుకుని తిరిగిన చేతులివి. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగాను. సాయంత్రానికి కోపం పోయింది, కానీ గమనించాను, "ఇదేం చేయాలి" అని వాడు నన్ను అడిగి చాలా రోజులైంది. అడగాల్సిన అవసరం వాడికి లేదు, చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు. పాప ఏడుపుల్లో ఆకలి ఏదో నిద్ర ఏదో వాడికి తెలుస్తోంది, నాకు అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి.

మరదలు ఆ మొదటి రోజుల్లో ఊరికే ఏడ్చేది. టవల్ మడతపెడుతూ ఏడ్చేది, ఎందుకంటే తెలీదనేది. కాన్పయిన మూడు నాలుగు రోజులకి హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడంతో ఇది చాలామందికి వస్తుంది, రెండు వారాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోతే అప్పుడు అది వేరే. చెకప్‌లో తనకి పది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు, ఎడిన్‌బరో స్కేల్ అంటారు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ని పసిగట్టడానికి 1987లో తయారైంది, ఇందులో మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిది. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా, కారణం లేకుండా భయం వేసిందా, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా, ఇలా ఉంటాయి. తన మార్కులు ఎక్కువ రాలేదు కానీ పూర్తిగా తక్కువా కాదు, డాక్టర్ మళ్ళీ రమ్మంది, ముందు రాత్రి ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర ఎలాగైనా చూడమంది. ఇంటికి వచ్చినవాళ్ళందరూ పాప ఎలా ఉందని అడిగినవాళ్ళే. నీకెలా ఉందమ్మా అని తనని అడిగింది ఆ కాగితమే.

నేను తన మీదే కన్నేసి ఉంచాను. తమ్ముడి మీద ఉంచలేదు, ఆ ఆలోచనే రాలేదు, వాడు పట్టికలు రాస్తూ పరిగెడుతూ బాగానే ఉన్నాడు కదా.

ఒక రాత్రి చెత్త పడేయడానికి కిందికి వెళ్ళినవాడు ఎంతసేపటికీ రాలేదు. తలుపు తీసి చూస్తే కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, ఖాళీ డబ్బా పక్కన పెట్టుకుని. ఫోన్ కూడా చూడటం లేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "పైకి రావాలంటే కాళ్ళు రావట్లేదక్కా" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. అక్కడ మెట్ల మీద లైటు మనిషి కదిలితేనే వెలిగే రకం, కదలకుండా కూర్చుంటే ఆరిపోతుంది, ఎవరో ఒకరం చెయ్యి ఊపితే మళ్ళీ వెలుగుతుంది. రెండు మూడు సార్లు ఊపాం. తర్వాత ఊపలేదు. అప్పుడు అన్నాడు, "పాప మీద నాకింకా ఏమీ అనిపించడం లేదు. భయం వేస్తుంది. జాలేస్తుంది. అందరూ చెప్పే ఆ ప్రేమ రావట్లేదు. తనకి వచ్చేసింది, నాకు కనిపిస్తోంది. నేను ఏదో డ్యూటీ చేస్తున్నట్టు చేస్తున్నాను. ఏదైనా జబ్బా ఇది?"

"తెలీదురా" అన్నాను. నిజంగా తెలీదు. వాడికి ఆ మాట చెప్పడం నాకు అలవాటు లేదు, నోట్లోంచి రావడానికి కష్టమైంది. "నాకు కూడా మొదటి రోజు ఏమీ అనిపించలేదు" అని మాత్రం చెప్పాను. "నువ్వు అత్తవి, నీకు పర్లేదు" అన్నాడు. నవ్వాం. కాసేపటికి పైనుంచి ఏడుపు వినిపిస్తే వాడు నాకంటే ముందు లేచాడు.

మరుసటి వారం పిల్లల డాక్టర్ దగ్గర వాడే అడిగాడు, మేమెవరం చెప్పకుండా. ఆవిడ ఆశ్చర్యపోలేదు. నాన్నల్లో ఇది చాలామందికి ఉంటుందని, తొమ్మిది నెలలు ఒంట్లో మోసినవాళ్ళకే ఒక్కోసారి టైం పడుతుందని, ప్రేమ వచ్చాక పనులు చేద్దామని ఆగకుండా పనులు చేస్తూ ఉండమని చెప్పింది. అదే పది ప్రశ్నల కాగితం వాడికీ ఇచ్చింది. "నాకెందుకండీ, కన్నది తను కదా" అన్నాడు, నింపాడు మాత్రం. 2010లో చాలా అధ్యయనాలని కలిపి చూసిన ఒక విశ్లేషణలో కొత్త తండ్రుల్లో సుమారు పదిమందిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి, బిడ్డకి మూడు నుంచి ఆరు నెలల మధ్య అది ఎక్కువ. వాడిది అంత దూరం రాలేదు, నిద్రలేమి, భయం, అంతే. కానీ అడిగేవాళ్ళు ఒకరు ఉన్నారని తెలిసినందుకే వాడి భుజాలు కాస్త దిగాయి, నేను చూశాను.

ఆ తర్వాత ఇంట్లో పద్ధతి మార్చుకున్నారు. మరదలు తీసి పెట్టిన పాలతో అర్ధరాత్రి ఒక పూట వాడు పట్టేవాడు, తను మధ్యలో లేవకుండా పడుకునేది. పాలు పట్టాక చొక్కా విప్పి పాపని ఛాతీ మీద పడుకోబెట్టుకుని, పైన పల్చటి దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. దీన్ని కంగారూ పద్ధతి అంటారు, 1978లో కొలంబియాలోని బొగోటాలో నెల తక్కువ పిల్లలకి ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు, తల్లే చేయాలని లేదు. కునుకు వస్తోందనిపిస్తే పాపని తీసి ఊయల్లో వెల్లకిలా పడుకోబెట్టాలి, అది మాత్రం గట్టిగా చెప్పారు, సోఫాలో ఛాతీ మీద బిడ్డతో నిద్రపోవడం ప్రమాదం. వాడికి నిద్ర రాకుండా నేను కొన్ని రాత్రులు తోడు కూర్చునేదాన్ని. ఫిలిప్పీన్స్‌లో 600 మందికి పైగా మగవాళ్ళ మీద చేసి 2011లో ప్రచురించిన ఒక పరిశోధన గురించి అప్పుడే చదివి వాడికి చెప్పాను, తండ్రి అయ్యాక టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గుతుంది, రోజూ బిడ్డ పనులు గంటలకొద్దీ చేసేవాళ్ళలో ఇంకా తగ్గుతుంది. "అంటే నా మీసం రాలిపోతుందా?" అన్నాడు. అంత పెద్దగా నవ్వితే పాప ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపింది, ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

ఎప్పుడు మారాడో నాకు తెలీదు. ఫలానా రోజు అని చెప్పలేను, వాడూ చెప్పలేడు. ఆరో వారం ప్రాంతంలో సాయంత్రం ఏడుపులు మరీ ఎక్కువయ్యాయి, ఆ వయసుకి ఏడుపు శిఖరానికి చేరి తర్వాత తగ్గుతుందని డాక్టర్ ముందే చెప్పింది, చెప్పినంత మాత్రాన చెవులు ఊరుకోవు. ఎత్తుకుంటే అలవాటైపోతుంది, ఏడవనివ్వండి అని సలహాలు. అంత చిన్నదానికి అలవాటు చేసుకుని మనల్ని ఆడించేంత తెలివి ఇంకా రాలేదు, ఏడుపు తప్ప దానికి వేరే భాష లేదు, కాబట్టి ఎత్తుకునేవాడు. హాల్లో ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తూ ఏదో రాగం తీసేవాడు. పాట కాదు, పాటకి దగ్గరది కూడా కాదు.

గోళ్ళు తీసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. పుట్టిన పిల్లల గోళ్ళు కాగితం కన్నా పల్చన, కానీ ముఖం గీరుకుపోయేంత పదును. పాప నిద్రపోతుండగా మరదలు టార్చి పట్టుకుంది, నేను చిన్న అరచేతిని నా రెండు వేళ్ళ మధ్య విప్పి పట్టుకున్నాను, తమ్ముడు కత్తెర. వేలి కొసన కండని వెనక్కి నొక్కితే గోరు కాస్త విడిగా కనిపిస్తుంది. ఒక్కో గోటికి వాడు ఊపిరి బిగబట్టి, కత్తిరించి, వదిలి, మళ్ళీ బిగబట్టి. నాలుగో వేలికి పాప చెయ్యి లాక్కుంది. వాడు కత్తెర పైకెత్తి అలాగే ఆగిపోయాడు, నుదుటి మీద చెమట. "తగిలిందా? తగిలిందా?" అని నోటితో శబ్దం రాకుండా అడుగుతున్నాడు. తగల్లేదు. ఒక చెయ్యి పూర్తయ్యాక "రెండోది రేపు చేద్దాం, నావల్ల కాదు" అని గోడకి చేరగిలబడ్డాడు. ఆ రోజు వాడి మొహం చూస్తే డ్యూటీ చేస్తున్నవాడి మొహంలా లేదు. నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

నవ్వు ఆ తర్వాత వచ్చింది. రెండు నెలలకి దగ్గరపడుతుండగా, నిద్రలో వచ్చే పెదాల కదలిక కాదు, మొహం చూసి నవ్వింది. నా మొహం చూసి. వాళ్ళిద్దరూ పక్క గదిలో ఉన్నారు. నేను వాళ్ళకి చెప్పలేదు. రెండు రోజుల తర్వాత తమ్ముడు "అక్కా, నవ్వింది! నన్ను చూసి! ఇదే మొదటిసారి!" అని పరిగెత్తుకొచ్చాడు. అవునా, అన్నాను. ఇది వాడు చదివితే తెలిసిపోతుంది, సరే, ఏడాది కావస్తోంది, పర్లేదు.

సెలవు అయిపోయి వచ్చేశాక వారంవారం వీడియోలో చూస్తూనే ఉన్నాను. అయినా తొమ్మిదో నెలలో వెళ్ళినప్పుడు పాప నన్ను చూసి బిక్కమొహం వేసి తమ్ముడి మెడ కరుచుకుపోయింది. నాకు కొంచెం బాధ వేసింది, వాడు మాత్రం తెగ సంబరపడుతూ నాకు పాఠం చెప్పాడు. ఈ వయసులో కొత్తవాళ్ళంటే భయం మామూలేనక్కా, తనవాళ్ళెవరో తెలిసిందని అర్థం, ఎగబడి ఎత్తుకోకు, కాసేపు ఏమీ పట్టనట్టు పక్కన కూర్చో, అదే వస్తుంది. కూర్చున్నాను. సాయంత్రానికి వచ్చి నా వాచీ పీకింది.

వచ్చే శనివారం వాళ్ళిద్దరూ పాప పుట్టాక మొదటిసారి ఒక రాత్రి బయట ఉండబోతున్నారు, పాప నా దగ్గర. నిన్న తమ్ముడు జాగ్రత్తల చిట్టా పంపాడు, ఫోన్ తెరమీద మూడుసార్లు పైకి తోస్తే కానీ అయిపోదు. మొదటిది, వెల్లకిలా పడుకోబెట్టు, తనంతట తను తిరిగితే ఫర్వాలేదు. రెండోది, ఊయల్లో దిండు, బొమ్మ, వదులు దుప్పటి ఏవీ వద్దు. ఇవి రెండూ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు వాడికి నేను చదివి వినిపించినవే. పదకొండోది చదివి ఫోన్ చేశాను, "అర్ధరాత్రి లేస్తే రాగం తీయి, అని రాశావు, ఏ రాగంరా?" అని. వాడు ఫోన్లోనే తీసి వినిపించాడు. అప్పుడు కూడా ఏ పాటో నాకు తెలీలేదు. రికార్డు చేసి పంపమన్నాను.